గది చాలేచోట వేరు కాపురం ఎందుకు?

గత ఆదివారం ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. సొంత తమ్ముడు కాదు, ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్నవాడు. కొత్తగా సైట్ పెడుతున్నాడు. డొమైన్ (సైట్ పేరు) కొన్నాడు, హోస్టింగ్ (సైట్ ఉండే చోటు) కొన్నాడు. కంట్రోల్ ప్యానెల్ తెరిచి చూస్తే సబ్‌డొమైన్లు, అంటే ఫోటోస్.ఎగ్జాంపుల్.కామ్ లాగా అసలు పేరుకి ముందు చుక్కతో చేర్చే పేర్లు, ఎన్నయినా పెట్టుకోవచ్చని కనబడింది. కాగితం మీద ఆరు పేర్లు రాసుకుని నాకు చదివి వినిపించాడు. బ్లాగుకి ఒకటి, ఫోటోలకి ఒకటి, పాఠాలకి ఒకటి, డౌన్‌లోడ్లకి ఒకటి, సహాయం పేజీలకి ఒకటి, ప్రయోగాలకి ఒకటి. "ఎలాగూ ఫ్రీయే కదక్కా, అన్నీ శుభ్రంగా విడివిడిగా ఉంటాయి" అన్నాడు.

"వద్దురా" అనేశాను. ఎందుకని అడిగితే చప్పున చెప్పలేకపోయాను. సెర్చ్‌లో వెనకబడతావేమో అన్నాను. అంటున్నప్పుడే తెలుస్తోంది, ఆ మాట మీద నాకే పూర్తి నమ్మకం లేదని. ఫోన్ పెట్టేశాక కూడా అదే ఆలోచన. పన్నెండేళ్లుగా నా సైట్ నేనే చూసుకుంటున్నాను. ఒక దశలో దానికి తొమ్మిది సబ్‌డొమైన్లు ఉండేవి. ఇప్పుడు మూడు. ఆ ఆరు ఎందుకు పోయాయో, ఈ మూడు ఎందుకు మిగిలాయో చెప్పగలిగితే వాడికి అదే జవాబు. ఫోన్‌లో కుదరలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఫ్రీగా వచ్చేది పేరు మాత్రమే

సబ్‌డొమైన్ పెట్టడం నిజంగానే తేలిక. పేరు టైప్ చేసి బటన్ నొక్కితే అయిపోతుంది. అందుకే ఫోల్డర్ పెట్టినట్టే అనిపిస్తుంది. కానీ బ్రౌజర్‌కి, సెర్చ్ ఇంజన్‌కి, మెయిల్ సర్వర్‌కి అది ఫోల్డర్ కాదు, ఇంకో సైట్. ఫోల్డర్ పెట్టడం, అంటే ఎగ్జాంపుల్.కామ్/ఫోటోస్ లాగా పేరు తర్వాత స్లాష్‌తో చేర్చడం, ఉన్న ఇంట్లో ఇంకో గది వేసుకోవడం. సబ్‌డొమైన్ పెట్టడం వేరు కాపురం పెట్టడం. ఇంటిపేరు ఒకటే అయినా పొయ్యి వేరు, తాళంచెవి వేరు, సామాను మళ్లీ మొదటినుంచి సమకూర్చుకోవాలి.

ఆ సామాను ఏమిటో చెబుతాను. డీఎన్ఎస్‌లో, అంటే ఏ పేరు ఏ సర్వర్‌దో చెప్పే చిట్టాలో, రికార్డు కావాలి. బ్రౌజర్‌లో తాళం గుర్తు తెచ్చే సర్టిఫికెట్ కావాలి. సెర్చ్ ఇంజన్లు ఏవి చూడొచ్చో చెప్పే రోబోట్స్ ఫైలు విడిగా కావాలి, ఎందుకంటే మెయిన్ సైట్‌లో రాసుకున్న నియమాలు సబ్‌డొమైన్‌కి వర్తించవు. పేజీల జాబితా చెప్పే సైట్‌మ్యాప్ కావాలి. పేజీ దొరకనప్పుడు చూపించే పేజీ కావాలి. బ్యాకప్‌లో అదీ చేరిందో లేదో చూసుకోవాలి. ఇవేవీ కష్టమైన పనులు కావు. ఒక్కటి పెట్టుకుంటే ఒక సాయంత్రం. తొమ్మిది పెట్టుకున్నప్పుడు నాకు తెలిసిందేమిటంటే, పెట్టిన సాయంత్రం ఒకసారే, చూసుకోవడం ప్రతి నెలా.

ఒక చిన్న సంగతి. మా సైట్‌లో అక్షరాల సైజు పెంచుకునే బటన్ ఉంది. ఒక పెద్దాయన నాకు మూడుసార్లు మెయిల్ రాశారు: "అమ్మా, నేను పెద్ద అక్షరాలు పెట్టుకుంటాను, పాఠాల్లోకి వెళ్లగానే మళ్లీ చిన్నవైపోతాయి." మొదటిసారి ఆయన బ్రౌజర్‌లోనే ఏదో తేడా అనుకున్నాను. రెండోసారీ అదే జవాబు ఇచ్చాను. మూడోసారి కూర్చుని చూస్తే విషయం అర్థమైంది. ఆ ఎంపికను నేను బ్రౌజర్ లోకల్ స్టోరేజ్‌లో, అంటే చదివేవాళ్ల బ్రౌజర్‌లోనే ఉండే చిన్న అరలో, దాస్తున్నాను. లోకల్ స్టోరేజ్ ఒక్కో ఆరిజిన్‌కి, అంటే బ్రౌజర్ దృష్టిలో ఒక్కో సైట్‌కి, ఒక్కటి. పాఠాలు సబ్‌డొమైన్‌లో ఉన్నాయి కాబట్టి అది వేరే ఆరిజిన్, ఆయన పెట్టుకున్న సైజు అక్కడికి చేరదు. నాకు అది ఒకే సైట్. ఆయనకూ ఒకే సైట్. బ్రౌజర్‌కి మాత్రం రెండు. మధ్యలో ఇబ్బంది పడింది ఆయన కళ్లు. ఆ మెయిళ్లు గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

షేర్డ్ హోస్టింగ్‌లో, అంటే ఒకే సర్వర్‌ని చాలామంది పంచుకునే చోట, ఇంకో తిరకాసు ఉంది. సబ్‌డొమైన్ పెట్టగానే ప్యానెల్ దానికో ఫోల్డర్ తయారుచేస్తుంది. ఆ ఫోల్డర్ మెయిన్ సైట్ ఫైళ్లుండే పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ లోపలే ఉంటే ఒకే పేజీకి రెండు అడ్రసులు వస్తాయి. ఫోటోస్.ఎగ్జాంపుల్.కామ్ అని కొట్టినా అదే, ఎగ్జాంపుల్.కామ్/ఫోటోస్ అని కొట్టినా అదే. నా ఫోటోల పేజీలు ఏడాది పాటు అలాగే రెండు దారుల్లోనూ తెరుచుకున్నాయి. బయటివాళ్లు కొందరు ఒక అడ్రసుకి లింకు ఇచ్చారు, కొందరు రెండోదానికి. సెర్చ్ ఫలితాల్లో ఒకరోజు ఇది, ఒకరోజు అది. విడివిడిగా శుభ్రంగా ఉంటాయని మా తమ్ముడు అన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఇదే.

సర్టిఫికెట్ సంగతి కూడా చెప్పాలి. సర్టిఫికెట్లు ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వచ్చాక డబ్బు సమస్య పోయింది. 2018 మార్చి నుంచి వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్లు (సబ్‌డొమైన్లన్నిటికీ కలిపి ఒకటే) కూడా ఉచితంగానే ఇస్తున్నారు. కానీ వైల్డ్‌కార్డ్ కావాలంటే డీఎన్ఎస్‌లో రికార్డు పెట్టి నిరూపించుకోవాలి. పైగా అది ఒక్క మెట్టుకే పనిచేస్తుంది: పాఠాలు.ఎగ్జాంపుల్.కామ్‌కి సరిపోతుంది, టెస్ట్.పాఠాలు.ఎగ్జాంపుల్.కామ్‌కి సరిపోదు. ఇది తెలియక ఒక రాత్రి పాడుచేసుకున్నాను. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటి తగిలింది. భద్రత పెంచుదామని మెయిన్ సైట్‌లో హెచ్ఎస్‌టీఎస్, అంటే సర్టిఫికెట్ ఉన్న సురక్షిత దారిలోనే రావాలని బ్రౌజర్‌కి చెప్పే నియమం, పెట్టాను, సబ్‌డొమైన్లకూ వర్తించేలా, ఒక ఏడాది గడువుతో. సర్టిఫికెట్ లేని పాత సబ్‌డొమైన్ ఒకటి ఉందన్న సంగతి నా మనసులోనే లేదు. మెయిన్ సైట్ చూసిన ప్రతివాళ్లకీ ఆ పాతది తెరుచుకోవడం మానేసింది. మామూలు సర్టిఫికెట్ హెచ్చరికైతే "ఫర్వాలేదు, ముందుకెళ్లు" అనే వీలుంటుంది. ఇక్కడ బ్రౌజర్ ఆ దారి కూడా మూసేస్తుంది. నాకెవరూ చెప్పలేదు కూడా. రావడం మానేశారంతే.

చుక్కకి ఒక అర్థం ఉంది

ఈ అనుభవాలన్నీ చెబితే "జాగ్రత్తగా చేసుకుంటే సరిపోతుంది కదా" అని ఎవరైనా అనొచ్చు. నిజమే. అజాగ్రత్త ఒక్కటే అయితే వాదనే లేదు. కానీ చుక్క ఉన్నది ఒక పనికి, స్లాష్ ఉన్నది ఇంకో పనికి అని నా అభిప్రాయం.

ఇంటర్నెట్ తొలి రోజుల్లో ఏ కంప్యూటర్ పేరు ఏ నంబరో ఒకే ఒక్క ఫైల్లో ఉండేది. దాన్ని ఒకచోట నిర్వహించి అందరూ దింపుకునేవారు. కంప్యూటర్లు పెరిగేకొద్దీ అది మోయలేని బరువైంది. 1983లో పాల్ మొకాపెట్రిస్ డీఎన్ఎస్‌ని రూపొందించినప్పుడు తెచ్చిన మార్పు ఏమిటంటే, పేర్ల బాధ్యతను పంచడం. ఈ చుక్క కింద ఉన్నవన్నీ మీరు చూసుకోండి, ఆ చుక్క కింద ఉన్నవి వాళ్లు చూసుకుంటారు. 1987లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రాలు ఆర్ఎఫ్‌సీ 1034, 1035 ఇప్పటికీ దానికి పునాది. అంటే చుక్క పెట్టేది బాధ్యత చేతులు మారేచోట. స్లాష్ అలా కాదు, అది ఫైళ్లను సర్దుకునే పద్ధతి నుంచి వచ్చింది. ఒకరి చేతిలో ఉన్నవాటిని అరల్లో పెట్టుకోవడానికి స్లాష్.

ఇక్కడ నాకే ఒక అడ్డు వస్తోంది, దాన్ని దాచడం న్యాయం కాదు. వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ స్వయంగా ఈ తేడా ఉండకపోతే బాగుండేదని రాశారు. అడ్రసంతా ఒకే వరసలో, పెద్దది ముందు చిన్నది వెనక, అన్నిచోట్లా స్లాష్‌లే పెట్టి రాసి ఉండాల్సిందని ఆయన అన్నారు: కామ్, స్లాష్, ఎగ్జాంపుల్, స్లాష్, ఆ తర్వాత పేజీ. ఎక్కడిదాకా సర్వర్ పేరు, ఎక్కడినుంచి ఫోల్డర్ అనేది చదివేవాళ్లకి తెలియాల్సిన పని లేదు, అది బ్రౌజర్ కనుక్కుంటుంది. ఇది చదివినప్పుడు నేను చాలాసేపు ఆగిపోయాను. చదివేవాళ్ల వైపు నుంచి చూస్తే ఆయన మాటే సరైనది. మా పెద్దాయనకి చుక్కతో ఏం పని?

కానీ వెబ్ ఆ దారిలో నడవలేదు. 1994లో నెట్‌స్కేప్ బ్రౌజర్ కంపెనీలో లూ మోంటుల్లి కుకీలు, అంటే సైట్లు బ్రౌజర్‌లో దాచే చిన్న గుర్తులు, తెచ్చారు. ఆ తర్వాత పేజీలో ప్రోగ్రాములు నడిపే జావాస్క్రిప్ట్, దాని వెంటే సేమ్ ఆరిజిన్ నియమం వచ్చాయి. ఒక పేజీ ఇంకో పేజీలోని సమాచారాన్ని చదవొచ్చా లేదా అన్న నిర్ణయాన్ని బ్రౌజర్లు హోస్ట్ పేరు (అడ్రసులో స్లాష్‌కి ముందుండే భాగం) మీద ఆధారపరిచాయి. అప్పటినుంచి చుక్క పెట్టిన చోటల్లా బ్రౌజర్ ఒక గోడ కడుతుంది. మనం అడిగినా కడుతుంది, అడక్కపోయినా కడుతుంది. ఇప్పుడు చుక్కని అలంకారంగా వాడితే ఆ గోడ మన ఇంటి మధ్యలోంచి వెళ్తుంది.

గూగుల్ ఏమంటుందన్న ప్రశ్న

తమ్ముడికి నేను తొందరపడి చెప్పిన మాట ఇదే కాబట్టి దీన్ని వదలకూడదు. సబ్‌డొమైన్ పెడితే సెర్చ్‌లో నష్టం అన్న మాట ఏళ్లుగా నడుస్తోంది. గూగుల్ తరఫున జాన్ మ్యూలర్ 2017లో ఒక వీడియోలో, సెర్చ్‌కి రెండూ ఒకటే, మీకు నిర్వహణకి ఏది వీలైతే అది చేసుకోండి అన్న అర్థంలో చెప్పారు. చాలామంది సైట్లవాళ్లు మాత్రం సబ్‌డొమైన్ నుంచి ఫోల్డర్‌కి మార్చాక సందర్శకులు పెరిగారని చెబుతూనే ఉన్నారు.

నా సైట్‌లోనూ పెరిగారు. బ్లాగుని సబ్‌డొమైన్ నుంచి ఫోల్డర్‌లోకి తెచ్చిన నాలుగైదు నెలల్లో సెర్చ్ నుంచి వచ్చేవాళ్లు బాగా పెరిగారు. కొన్నాళ్లు నేనూ అందరికీ అదే చెప్పాను. తర్వాత నిదానంగా ఆలోచిస్తే, అదే సమయంలో పాత వ్యాసాలు దాదాపు సగం తిరగరాశాను, తెగిపోయిన లింకులు సరిచేశాను, మెయిన్ పేజీ నుంచి ప్రతి వ్యాసానికీ దారి పెట్టాను. దేనివల్ల పెరిగిందో విడదీసి చెప్పడం సాధ్యం కాదు. అలా పెరిగామని చెప్పే మిగతావాళ్లలో కూడా చాలామంది మార్పుతోపాటు ఇలాంటి పనులు చేసి ఉంటారనే నా ఊహ.

అందుకే సెర్చ్‌ని నా వాదనలోంచి తీసేస్తున్నాను. తమ్ముడికి చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. సెర్చ్ కోసం సబ్‌డొమైన్ పెట్టొద్దు, సెర్చ్ కోసం మానొద్దు. ఒక్క విషయం మాత్రం ఖాయం: మార్చిన ప్రతిసారీ అడ్రసులు మారతాయి, పాత అడ్రసుల నుంచి కొత్తవాటికి పంపే శాశ్వత రీడైరెక్టులు పెట్టాలి, కొన్నాళ్లు ఒడుదొడుకులు ఉంటాయి. కాబట్టి మొదట్లోనే ఆలోచించుకోవడం మంచిది.

రెండు గోడలు

నేను అన్నిటికంటే ఎక్కువ చెప్పాలనుకున్నది ఇది. సబ్‌డొమైన్ పెడితే భద్రత అని చాలామంది నమ్ముతారు. నేనూ నమ్మాను. ప్రయోగాలకి ఒక సబ్‌డొమైన్ పెట్టుకున్నాను. అక్కడ ఏం పాడైనా మెయిన్ సైట్‌కి ఏమీ కాదన్నది నా ధైర్యం. అందులో ఒక ప్లగిన్ (సైట్‌కి తగిలించే అదనపు ప్రోగ్రాం) వేసి, ఆడుకుని, మర్చిపోయాను. ఆ ప్లగిన్‌లో లోపం బయటపడింది. నేను అప్‌డేట్ చేయలేదు. ఎవరో లోపలికి వచ్చారు. మర్నాడు మెయిన్ సైట్ ప్రతి పేజీ కింద నాకు తెలియని స్క్రిప్టు ఒకటి ఉంది.

ఎలా వచ్చింది? బ్రౌజర్ కట్టే గోడ బ్రౌజర్‌లోనే ఉంటుంది. సర్వర్‌లో ఆ సబ్‌డొమైన్, మెయిన్ సైట్ రెండూ ఒకే హోస్టింగ్ అకౌంట్ కింద పక్కపక్క ఫోల్డర్లు. ఒకే యూజర్, ఒకే అనుమతులు. ఆ ఫోల్డర్‌లో కోడ్ నడపగలిగినవాడు ఈ ఫోల్డర్‌లో ఫైలు రాయగలడు. బయటినుంచి చూస్తే రెండిళ్లు, లోపల పెరటి తలుపు ఒకటే. సబ్‌డొమైన్ పెట్టినంత మాత్రాన సర్వర్‌లో గోడ లేవదు. అది కావాలంటే వేరే అకౌంట్ కావాలి, లేదా వేరే మిషన్ కావాలి.

బ్రౌజర్ గోడ అయినా పూర్తి గోడ అనుకోకూడదు. జావాస్క్రిప్ట్ విషయంలో అది గట్టిది. కుకీల విషయంలో దానికి కిటికీ ఉంది. లాగిన్ కుకీని డొమైన్ మొత్తానికి వర్తించేలా పెడితే అది ప్రతి సబ్‌డొమైన్‌కీ వెళ్తుంది. ఒక్కసారి లాగిన్ అయితే అన్నిచోట్లా పనిచేయాలని నేను అలాగే పెట్టుకున్నాను, సౌకర్యంగానే ఉండేది. అంటే నా తొమ్మిది సబ్‌డొమైన్లలో ఏ ఒక్కటి పరాయి చేతుల్లోకి వెళ్లినా, ఆ పేజీ తెరిచిన ప్రతివాళ్ల లాగిన్ కుకీ వాళ్లకి అందుతుంది. పైగా సబ్‌డొమైన్ నుంచి మొత్తం డొమైన్‌కి కుకీ పెట్టొచ్చు కూడా. పిల్ల ఇంటివాళ్లు పెద్దింటి గుమ్మంలో సంచి పెట్టిపోతే పెద్దింటివాళ్లు అది తమదే అనుకుని లోపలికి తీసుకుంటారు. ఇప్పుడు దీనికి ఒక మందు ఉంది: రెండు అండర్‌స్కోర్లు, హోస్ట్ అనే మాట, ఒక హైఫన్ ఆ వరసలో కుకీ పేరు మొదలుపెడితే, ఆ కుకీ ఆ ఒక్క హోస్ట్‌కే కట్టుబడి ఉండేలా బ్రౌజర్ చూస్తుంది. అప్పట్లో ఆ సంగతి నాకు తెలియదు.

ఇది నాలాంటి చిన్న సైట్లవాళ్ల సమస్యే కాదు. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్ మొదట్లో వాడుకరుల పేజీలను తన డొమైన్ కిందే సబ్‌డొమైన్లుగా ఇచ్చేది. 2013 ఏప్రిల్‌లో వాటన్నిటినీ గిట్‌హబ్.ఐఓ అనే వేరే డొమైన్‌కి మార్చింది. కారణం భద్రతే: పరాయివాళ్లు రాసిన జావాస్క్రిప్ట్ తమ డొమైన్ కింద నడుస్తుంటే కుకీలతో దాడులు చేయొచ్చు, మోసపు పేజీలు పెట్టొచ్చు. అలాంటి డొమైన్ల కోసమే మొజిల్లా మొదలుపెట్టిన పబ్లిక్ సఫిక్స్ జాబితా ఉంది. అందులో ఉన్న పేరు కింద ఒక్కో సబ్‌డొమైన్‌ని బ్రౌజర్ వేరే వాళ్ల సొత్తుగా చూస్తుంది, అందరికీ కలిపి కుకీ పెట్టనివ్వదు. అంత పెద్ద సంస్థే నమ్మకం లేనిచోట సబ్‌డొమైన్ చాలదు, డొమైనే వేరుగా ఉండాలని తేల్చుకుంది.

ఇది అర్థమయ్యాక నా ఆలోచన ఒక కొలిక్కి వచ్చింది. ఒకే మనిషి, ఒకే అకౌంట్, ఒకే రకం నమ్మకం అయితే ఫోల్డర్. వేరే మిషన్ మీదో, వేరే వాళ్ల చేతిలోనో నడుస్తూ, వాళ్ల మీద నాకు నమ్మకం ఉంటే సబ్‌డొమైన్. నమ్మకం లేకపోతే, లేదా ఎవరు పడితే వాళ్లు ఏదైనా పెట్టే వీలుంటే, అసలు వేరే డొమైన్. బ్లాగు, ఫోటోలు, డౌన్‌లోడ్లు అనేవి విషయాలు. ఏ విషయమన్నదాన్ని బట్టి చుక్క పెట్టకూడదు.

దిక్కులేని పేర్లు

ఒక కార్యక్రమానికి పేర్లు నమోదు చేసుకోవడానికి బయటి సర్వీసు ఒకటి వాడాను. నా సబ్‌డొమైన్ ఒకటి సీనేమ్ (ఒక పేరుని ఇంకో పేరు వైపు తిప్పే) రికార్డుతో వాళ్ల వైపు తిప్పాను. కార్యక్రమం అయిపోయింది, వాళ్ల దగ్గర అకౌంట్ మూసేశాను. డీఎన్ఎస్‌లో రికార్డు తీయడం మర్చిపోయాను. రెండేళ్ల తర్వాత ఒక పాఠకురాలు మెయిల్ చేశారు: "మీ సైట్‌లో జూదం ప్రకటనలు కనిపిస్తున్నాయి, మీకు తెలుసా అండీ?"

తెరిచి చూస్తే నిజమే. నా పేరు, తాళం గుర్తు, కింద పేకాట. ఎవరో అదే సర్వీసులో అకౌంట్ తీసి, నేను వదిలేసిన పేరు తమదని చెప్పుకున్నారు. నా డీఎన్ఎస్ ఇంకా అటే చూపిస్తోంది కాబట్టి సర్వీసు ఒప్పుకుంది, సర్టిఫికెట్ కూడా తెప్పించి పెట్టింది. దీన్ని సబ్‌డొమైన్ టేకోవర్ అంటారు. రికార్డు తీయడానికి నిమిషం పట్టింది. ఆ తర్వాత వచ్చిన టెన్షన్ వారం రోజులు పోలేదు. పైన చెప్పిన లాగిన్ కుకీ గుర్తుందా? అది ఆ పేజీకి కూడా వెళ్తూ ఉంది. అందరి లాగిన్లూ రద్దు చేశాను, పాస్‌వర్డులు మార్చుకోమని ప్రతి ఒక్కరికీ రాశాను. ఎందుకు మార్చుకోవాలో కూడా రాశాను. ఆ మెయిల్ రాయడం నాకు ఈ సైట్ నడిపిన అన్నేళ్లలో అన్నిటికంటే కష్టమైన పని.

ఎవరికీ చెప్పని సబ్‌డొమైన్ ఎవరికీ తెలియదులే అనుకోవడం కూడా పొరపాటు. సర్టిఫికెట్ జారీ అయితే అది అందరూ చూడగలిగే సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ చిట్టాల్లోకి ఎక్కుతుంది. 2018 ఏప్రిల్ 30 తర్వాత జారీ అయినవాటన్నిటికీ క్రోమ్ దాన్ని తప్పనిసరి చేసింది. మీ డొమైన్ పేరు కొడితే దాని కింద సర్టిఫికెట్ తీసుకున్న ప్రతి సబ్‌డొమైన్ బయటపడుతుంది, వైల్డ్‌కార్డ్ వాడితే తప్ప. టెస్ట్, పాతది, బ్యాకప్ అని పేరు పెట్టుకున్నవాటి కోసం వెతికేవాళ్లు ముందు అక్కడే చూస్తారు.

రేపు మార్చుకోవాలంటే?

నా వాదనకి వ్యతిరేకంగా వినాల్సిన మాట ఒకటుంది. నాతో పనిచేసే ఆవిడ ఎప్పుడూ ఇదే అంటారు: "ఇవాళ అన్నీ ఒకే సర్వర్ మీద ఉండొచ్చు. రేపు పాఠాలు పెరిగితే, వాటిని వేరే చోటికి మార్చాల్సి వస్తే? సబ్‌డొమైన్ అయితే ఒక్క రికార్డు మారిస్తే చాలు. ఫోల్డర్ అయితే ఇరుక్కుపోతారు." ఇది బలమైన మాట. డీఎన్ఎస్ హోస్ట్ పేరుకే పనిచేస్తుంది, స్లాష్ తర్వాత ఏముందో దానికి తెలియదు. ఎగ్జాంపుల్.కామ్/పాఠాలు అన్నదాన్ని మాత్రమే వేరే మిషన్‌కి పంపమని డీఎన్ఎస్‌కి చెప్పలేం.

దీనికి రివర్స్ ప్రాక్సీ ఉంది కదా అని జవాబు చెబుతారు. ముందు నిలబడ్డ సర్వర్ స్లాష్ చూసి, ఆ ఫోల్డర్ అడిగినవాళ్లకి వెనక ఇంకో మిషన్ నుంచి తెచ్చి ఇస్తుంది. సొంత సర్వర్ ఉన్నవాళ్లకి, ముందు సీడీఎన్ (పేజీలను పలుచోట్ల నుంచి అందించే సర్వీసు) పెట్టుకున్నవాళ్లకి అది బాగానే కుదురుతుంది. మా తమ్ముడికి కుదరదు. చాలా షేర్డ్ హోస్టింగ్‌లలో ప్రాక్సీకి అనుమతి ఉండదు. ఉన్నా, బయటి సర్వీసులు కొన్ని తమ పేజీలు ఫోల్డర్ కింద నడవనివ్వవు, సబ్‌డొమైన్ ఇస్తేనే కలుపుకుంటాయి. ఇక్కడ ఆవిడ మాటకి నేను ఒప్పుకుంటాను. బయటి సర్వీసు మీద నడిచేదానికి, లేదా ఏడాదిలోగా అలా మారబోతోందని గట్టిగా తెలిసినదానికి సబ్‌డొమైన్ సరైనదే.

గట్టిగా తెలియనిదానికి మాత్రం ఒప్పుకోను. నా తొమ్మిదింటిలో ఏడింటిని "రేపు పెరిగితే" అనుకునే పెట్టాను. పెరిగింది ఒక్కటే. మిగతా ఆరింటికి రాని రేపటి కోసం ప్రతి నెలా చాకిరీ చేశాను. పైగా ఫోల్డర్ నుంచి సబ్‌డొమైన్‌కి మారడం మరీ అసాధ్యమేం కాదు. రీడైరెక్టులు పెట్టుకుని ఒక వారాంతంలో చేసుకోవచ్చు.

భాషల సంగతి అడుగుతారు. వికీపీడియా ఒక్కో భాషకి ఒక్కో సబ్‌డొమైన్ పెట్టింది కదా అని. పెట్టింది, ఎందుకంటే అక్కడ తెలుగు వికీపీడియా ఇంగ్లిష్ వికీపీడియాకి అనువాదం కాదు. రాసేవాళ్లు వేరు, నిర్వాహకులు వేరు, డేటాబేసు వేరు, నియమాలు చాలావరకు వాళ్లే తేల్చుకుంటారు. బాధ్యత చేతులు మారింది, చుక్క పడింది. అవే పేజీలను ఒకే మనిషి రెండు భాషల్లో రాస్తుంటే స్లాష్ చాలు.

వేగం కోసం సబ్‌డొమైన్లు అన్నది పాత మాట. బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి హెచ్‌టీటీపీ 1.1గా ఉన్న రోజుల్లో బ్రౌజర్లు ఒక హోస్ట్‌కి ఒకేసారి ఆరు దాకా మాత్రమే కనెక్షన్లు తెరిచేవి, అందుకని బొమ్మలని రెండు మూడు పేర్ల మీద పంచేవాళ్లం. 2015లో హెచ్‌టీటీపీ 2 వచ్చాక ఒకే కనెక్షన్ మీద అన్నీ వస్తాయి. ఇప్పుడు పేర్లు పంచితే కనెక్షన్లు పెరిగి ఆలస్యమే అవుతుంది.

మిగిలిన మూడు

నా దగ్గర మిగిలిన మూడింటిలో మొదటిది డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ. అది కూడా సబ్‌డొమైనే అని చాలామందికి తట్టదు. మొన మీద, అంటే ఏ ముందుమాటా లేని ఎగ్జాంపుల్.కామ్ మీద సీనేమ్ పెట్టడానికి డీఎన్ఎస్ నియమాలు ఒప్పుకోవు, ఎందుకంటే అక్కడ తప్పకుండా ఉండాల్సిన వేరే రికార్డులు ఉంటాయి. కొన్ని డీఎన్ఎస్ కంపెనీలు దీనికి సొంత ఉపాయాలు కనిపెట్టాయి గానీ, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉంటే వాటి అవసరమే రాదు.

రెండోది ఉత్తరాలకి. నెలకోసారి పాఠకులందరికీ ఒకే మెయిల్ పంపుతాను, అది బయటి సర్వీసు నుంచి వెళ్తుంది. దాన్ని స్పామ్ అని కొందరు నొక్కినా నా సొంత మెయిల్‌కి చెడ్డపేరు రాకుండా వేరే పేరు పెట్టాను. ఇది పెట్టేవాళ్లకి ఒక మాట: మెయిన్ డొమైన్‌కి రాసిన ఎస్‌పీఎఫ్ (ఆ పేరుతో మెయిల్ ఎవరు పంపొచ్చో చెప్పే రికార్డు) సబ్‌డొమైన్‌కి వర్తించదు, మళ్లీ రాయాలి. తనిఖీలో తప్పిన మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే డీమార్క్ మాత్రం విడిగా చెప్పకపోతే వర్తిస్తుంది.

మూడోది పాఠాలు. లాగిన్ ఉంది, వేరే సర్వర్ మీద ఉంది, దాన్ని చూసుకునేది నేను కాదు, నాతో పనిచేసే ఆవిడే. కుకీ ఇప్పుడు ఆ హోస్ట్‌కే పరిమితం. పెద్దాయన అక్షరాల సైజుని లింకులోనే చిన్న గుర్తుగా పంపి అక్కడ చదివించుకుంటున్నాం. ఆయన మళ్లీ మెయిల్ రాశారు, ఈసారి పాఠం గురించి.

నిన్న తమ్ముడికి ఇదంతా మళ్లీ ఫోన్ చేసి చెప్పాను. సెర్చ్ గురించి నేనన్న మాట తప్పని ముందే చెప్పాను. వాడి ఆరు పేర్లు ఒక్కొక్కటీ తీసుకుని "ఇది ఎవరు చూసుకుంటారు, ఎక్కడ నడుస్తుంది, ఇది పాడైతే ఇంకేం పాడవుతుంది" అని అడిగాను. బ్లాగు, ఫోటోలు, డౌన్‌లోడ్లు, సహాయం ఫోల్డర్లయ్యాయి. ప్రయోగాలకి విడిగా ఒక అకౌంట్ తీసుకుని, వేరే డొమైన్ పెట్టి, పాస్‌వర్డ్ వేస్తానన్నాడు. పాఠాల దగ్గర వాడే నన్ను ఆపాడు. "ఇప్పుడు నేనే చూసుకుంటున్నా గానీ, అక్కా, వచ్చే నెల నుంచి ఇంకో అబ్బాయి చూస్తాడు, వేరే సర్వర్ మాట్లాడాం" అన్నాడు. అయితే దానికి పెట్టుకోమన్నాను.

మూడు అన్నాను గానీ నా డీఎన్ఎస్‌లో నాలుగో వరస ఒకటి ఉంది. పాత ఫోటోల సబ్‌డొమైన్. అక్కడ ఇప్పుడు ఏ పేజీ లేదు, వచ్చినవాళ్లని కొత్త ఫోల్డర్‌కి పంపడమే దాని పని. ఒకావిడ తన అచ్చు పుస్తకం చివరి పేజీలో ఆ అడ్రసు ఇచ్చారు. అచ్చయినదాన్ని మార్చలేం కదా. దానికీ సర్టిఫికెట్ రెన్యూ అయిందో లేదో ప్రతి నెలా మొదటి వారంలో చూస్తాను. లాగ్ తెరిస్తే నెలకి ఐదారుగురు ఆ పుస్తకం చూసి ఆ దారినే వస్తున్నారు.